బాత్‌రూమ్ యాసిడ్ కొనొద్దు! బ్లీచింగ్‌తో అసలే కలపొద్దు!



మేం ఇళ్ళలో పాచిపని చేసుకుని బతికే ఆడవాళ్ళం. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పొద్దున్నుంచి ఇంటి తర్వాత ఇల్లు బాత్‌రూములు కడుగుతాం. దసరా, సంక్రాంతి దగ్గరపడితే పని రెట్టింపవుతుంది. యాసిడ్ సీసా బయటికొచ్చేదీ అప్పుడే. "బోరు నీళ్ళ మరకలు పోవట్లేదు, కాస్త యాసిడ్ పోసి రుద్దు" అంటారు. అంతటితో ఆగక "తెల్లగా రావాలి, బ్లీచింగ్ కూడా చల్లు" అంటారు.

ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో, బెల్జియంలోని ఈప్ర్ పట్టణం దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఈ వాయువునే. ఇది గాలి కంటే బరువు, అందుకే కిందే పేరుకుంటుంది. మేం గొంతుక్కూర్చుని రుద్దేది అక్కడే. కిటికీ ఉండదు. హాల్లోకి వాసన రాకూడదని తలుపు మూసేస్తారు. ముందు ముక్కు మండుతుంది, కళ్ళ వెంట నీళ్ళు కారతాయి, గొంతు పట్టేసి దగ్గు ఆగదు. ఎక్కువ పీలిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అది కొన్ని గంటలు గడిచాక, ఇంటికెళ్ళి పడుకున్నాక కూడా బయటపడొచ్చు.

తోటి చెల్లెళ్ళారా, ఘాటు తగలగానే బకెట్టు అక్కడే వదిలేసి బయటికి వచ్చేయండి. కొంగు ముక్కుకు కట్టుకుంటే క్లోరిన్ ఆగదు. కాసేపు గాలి పీల్చుకుని మళ్ళీ లోపలికి వెళ్ళొద్దు. దగ్గు, ఆయాసం తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

ఇక కొట్టు సంగతి. కిరాణా కొట్టులో, తోపుడు బండి మీద యాసిడ్ ఎందులో పోసి అమ్ముతున్నారో చూశారా? పాత కూల్‌డ్రింక్ సీసాలో, మినరల్ వాటర్ సీసాలో! పేరుండదు, హెచ్చరిక ఉండదు. చూడ్డానికి మంచినీళ్ళలాగే ఉంటుంది. ఆడి ఆడి దాహంతో వచ్చిన పిల్లాడికి తేడా ఏం తెలుస్తుంది? ఒక్క గుక్కతో నోరు, గొంతు, అన్నవాహిక కాలిపోతాయి. బతికి బయటపడినా అన్నవాహిక ఇరుకైపోయి, ముద్ద మింగలేక ఏళ్ళ తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరగాల్సి రావచ్చు.

అలాంటిది జరిగితే ఉప్పునీళ్ళో చింతపండు రసమో పట్టి వాంతి చేయించకండి. లోపలికి పోతూ కాల్చిన యాసిడ్, పైకి వస్తూ మళ్ళీ కాలుస్తుంది. నోరు నీళ్ళతో పుక్కిలింపజేసి, ఆ సీసాతో సహా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. కంట్లో పడితే కనీసం పావుగంట నల్లా కింద ధారగా కడిగి, ఆ తర్వాతే బయల్దేరండి.

యాసిడ్ అమ్మకానికి కట్టుబాట్లు లేవనుకోకండి. ఆడపిల్లల మీద యాసిడ్ దాడులు ఆపాలని సుప్రీంకోర్టు 2013 జూలైలో గట్టిగా చెప్పింది. కొనేవారి పేరు, చిరునామా రిజిస్టర్లో రాయాలి, ఫొటో గుర్తింపు కార్డు చూడాలి, 18 ఏళ్ళు నిండనివారికి అమ్మకూడదు, తప్పితే 50,000 రూపాయల వరకు జరిమానా. మన గల్లీలో ఆ రిజిస్టర్ ఎవరైనా చూశారా? నలుగురూ కలిసి వెళ్ళి కొట్టువాళ్ళను అడగండి. మాట వినకపోతే పోలీస్ స్టేషన్లో కాగితం రాసివ్వండి, మేమూ వచ్చి సంతకం పెడతాం.

ఒక్కరోజు ప్రమాదమే కాదు, రోజూ కొద్దికొద్దిగా లోపలికి పోయేదీ ఉంది. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరు వేల మందికి పైగా మనుషుల వివరాలు 20 ఏళ్ళ పాటు సేకరించి 2018లో ఫలితం చెప్పారు. శుభ్రం చేసే పని చేసిన ఆడవాళ్ళకు, అది సొంతింట్లోనైనా జీతానికైనా సరే, ఊపిరితిత్తుల శక్తి మిగతావాళ్ళ కంటే త్వరగా తగ్గింది. అంటే ఇది మా ఒక్కరి గోడు కాదమ్మా, మీ ఇల్లు మీరే తుడుచుకునే మీదీ.

  

మరకలకు దారి లేదా అంటే ఉంది. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు నీళ్ళలో కలిపి రాత్రి పోసి ఉంచితే, పొద్దున బ్రష్షుకు తెల్ల పొర వదులుతుంది. దీన్నీ బ్లీచింగ్‌తో కలపకూడదు. రోజువారీ కడగడానికి సబ్బు నీళ్ళు చాలు. ఘాటు వాసన వస్తేనే శుభ్రమైనట్టు కాదు. ఇంట్లో ఇప్పటికే యాసిడ్ ఉంటే సీసా మీద పెద్దక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. కొత్తది కొనకండి.

పని ఇచ్చే అమ్మలారా, మాకు రబ్బరు గ్లౌజులు కొనివ్వండి. మేం కడిగేటప్పుడు తలుపు తెరిచి ఉంచండి, ఫ్యాన్ వేయండి. "యాసిడ్ పోయనమ్మా, సబ్బుతో రుద్దుతా" అన్నందుకు పని మాన్పించకండి, జీతం కోయకండి.

ఇట్లు,
మీ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళం