ఇంజన్ షెడ్డులో నాటకశాల

వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాలనుండి వలస వెళ్ళిన నేత కార్మికులెందరో సూరత్ మరమగ్గాలపై తరతరాలుగా జీవనం సాగిస్తున్నారు. వారి పిల్లలకోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నెలకొల్పినది. అయితే పన్నెండు గంటల షిఫ్టు ముగించి వచ్చినవానికి కూలి, వసతి ముఖ్యం గాని నాటకమెందుకని మన సంఘాలలోనే కొందరు ప్రశ్నిస్తారు. దీనికి సమాధానం దూరదేశంలోని ఒక పాత రైల్వే కట్టడం చెప్పగలదు.

లండన్‌లోని రౌండ్‌హౌస్ 1847లో కట్టిన ఇంజన్ షెడ్డు. నడుమ టర్న్‌టేబుల్, చుట్టూ ఇంజన్లు నిలిపే పట్టాలు, 24 పోత ఇనుప స్తంభాలపై గుండ్రని కప్పు. ఇంజన్ల పొడవు పెరగడంతో ఇరవై ఏండ్లు తిరుగకమునుపే అది నిరుపయోగమైనది. 1871 నుండి అర్ధశతాబ్ది పాటు మద్యం గిడ్డంగిగా ఉన్నది.

1960లో బ్రిటిష్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ మహాసభ, కార్మికోద్యమం కళలపట్ల శ్రద్ధ వహించవలెనని 42వ తీర్మానాన్ని ఆమోదించినది. వంటశాలలో పనిచేసి నాటకకర్తయైన ఆర్నాల్డ్ వెస్కర్ ఆ సంఖ్యనే పేరుగా ‘సెంటర్ 42’ను స్థాపించి, 1964లో ఈ షెడ్డును చేపట్టినారు. ఇంజన్లు నిలిచిన చోట రంగస్థలం వెలసినది. 1968లో పీటర్ బ్రూక్ షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ను అక్కడ ప్రయోగాత్మకంగా ప్రదర్శించినారు.

కాని తీర్మానానికి చేతులెత్తిన సంఘాలు చాలినంత నిధులివ్వలేదు. సెంటర్ 42 1970లో రద్దయినది. నాటకశాల 1983లో మూతపడినది. 1996లో ఒక ధనికుడు కొనుగోలు చేసిన తరువాత, 2006లో తిరిగి తెరచుకొన్నది. నేడది ఒక ధర్మసంస్థ నిర్వహణలో చక్కగానే నడుస్తున్నది. కాని అది కార్మిక సంఘాల నాటకశాల కాలేకపోయినది.

సోదరులారా, మనకు పాత షెడ్డు వెదకవలసిన అవసరం లేదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్లు, తపాలా ఉద్యోగుల రిక్రియేషన్ క్లబ్బులు మన చందాలతో, సంక్షేమ నిధులతో నడిచేవే. సూరత్ వంటి పట్టణాలలో నెలకొక సెలవునాటి సాయంత్రమైనా ఆ వేదికలను నేత కార్మికుల తెలుగు నాటకాలకు ఉచితంగా ఇప్పించవలెను. నిబంధనలు అడ్డువచ్చినచోట మన బ్రాంచీలు యాజమాన్యంతో చర్చించి అనుమతి సాధించవలెను. దీపాలకు, తెరలకు, వాద్యాలకు అయ్యే ఖర్చును వార్షిక బడ్జెట్టులో ప్రత్యేక పద్దుగా చూపవలెను.

తీర్మానం చేయుట సులభం. ఆ పద్దు వ్రాసిననాడే మన మాటకు విలువ.