కాన్సర్ కణానికి ఇనుప ఉచ్చు

బస్తర్‌లోని కిరండూల్ వద్ద, ఎద్దు మూపురాన్ని తలపించే బైలాడిలా కొండల ఎరుపు హెమటైటుది. ఇనుము, ప్రాణవాయువు కలిసిన ఖనిజమది. రైళ్లు దానిని తూర్పు కనుమలు దాటించి విశాఖపట్నం చేరుస్తాయి. కొలిమి కోరే ఈ ఇనుప ఆక్సైడును కాన్సర్ శాస్త్రజ్ఞులూ కోరుతున్నారు. అయితే వారికి కావలసినది గనిలోని రాయి కాదు, ప్రయోగశాలలో తయారయ్యే నానో రేణువు. వేయి రేణువులను వరుసగా పేర్చినా వెంట్రుక మందానికి చాలవు.

ప్రతి జీవకణానికీ ఇనుము అవసరమే. అదుపు లేకుండా పెరిగే కాన్సర్ కణానికి ఆ ఆకలి మరీ ఎక్కువ. దానిలో చేరిన రేణువు మెల్లగా కరిగి ఇనుమును విడుస్తుంది. ఆ ఇనుము కణంలోని హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిసి తీవ్రమైన రాడికల్స్‌ను పుట్టిస్తుంది. ఫెంటన్ 1894లో వర్ణించిన రసాయన చర్యే ఇది. వాటి తాకిడికి కణపు పొరలోని కొవ్వులు, నిలవనూనె చెడినట్లు చెడిపోతాయి. పొర తెగుతుంది, కణం మరణిస్తుంది. 2012లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయపు స్టాక్‌వెల్ బృందం ఈ మరణానికి ‘ఫెరాప్టోసిస్’ అని నామకరణం చేసింది.

2016లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు రక్తహీనతకు వాడే ఫెరుమాక్సిటాల్ అనే ఇనుప ఆక్సైడు మందును చిట్టెలుకలకు ఇవ్వగా కణితుల పెరుగుదల మందగించింది. అక్కడ ముఖ్యంగా పోరాడినవి శరీర రక్షక కణాలు. కాని చిట్టెలుక మనిషి కాదు. పైగా ఇనుముకు మంచి కణం, చెడ్డ కణం అనే విచక్షణ లేదు. రక్తంలోకి ఎక్కించిన రేణువులలో అధికభాగాన్ని కాలేయం, ప్లీహం దారిలోనే పట్టివేస్తాయి.

అందుకే 2010లో ఐరోపా అనుమతి పొందిన ఒక జర్మన్ చికిత్సలో రేణువులను నేరుగా మెదడు కణితిలోకే ఎక్కించి, బయటినుంచి అయస్కాంత క్షేత్రంతో వేడెక్కించారు.