తాయెత్తు ఖాతాలో పడే చూపు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం బస్తీల్లో ఉన్నట్టుండి ఒక కన్ను మసకబారితే ముందుగా వినిపించే మాటలు దిష్టి, గాలి, నాగదోషం, బాణామతి. కన్ను తిప్పితే లోపల నొప్పి. ఎరుపు రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. కొద్ది రోజుల్లోనే చూపు బాగా తగ్గిపోతుంది. పైకి చూస్తే కంట్లో పువ్వూ లేదు, కలకా లేదు. అద్దాలు పెట్టినా లాభం లేదు. కంటికి కారణం కనబడదు గనుక కనబడని కారణాన్ని వెతుక్కుంటారు.

ఇవి కంటి నరం వాచినప్పటి లక్షణాలు. డాక్టర్లు ఆప్టిక్ న్యూరైటిస్ అంటారు. కరెంటు తీగకు తొడుగులా నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరను మన రక్షణ వ్యవస్థే పొరబడి దెబ్బతీస్తుంది. ఇదే మెదడులో, వెన్నుపాములో పలుచోట్ల, పలుమార్లు జరిగితే అది మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్). ఫ్రెంచి వైద్యుడు షార్కో 1868లోనే దీన్ని వివరించాడు.

తాడు మంత్రించి కట్టి, పుట్టలో పాలు పోయించి, మండలం రోజులు ఆగమంటాడు మంత్రగాడు. ఆ లోపు చాలామందికి చూపు తిరిగొస్తుంది. ఆ మాట అబద్ధం కాదు, అందుకే నమ్మకం అంత గట్టిగా నిలబడింది. అయితే 1988లో అమెరికాలో మొదలైన ఒక పరీక్షలో 457 మంది రోగుల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్రలిచ్చారు. వాళ్లలో 79 శాతం మందికి 3 వారాల్లో, 93 శాతం మందికి 5 వారాల్లో చూపు మెరుగవడం మొదలైంది. మండలమంటే 40 రోజులు. జబ్బు తనంతట తాను తగ్గింది, పేరు తాయెత్తుకు వచ్చింది.

నిజంగా పనిచేస్తున్నావా అని అదే పరీక్షలో మందునూ అడిగారు. రక్తనాళంలోకి ఎక్కించిన స్టెరాయిడ్ చూపును త్వరగా తెచ్చింది కానీ, ఏడాది తిరిగేసరికి తేడా దాదాపు మిగల్లేదు. మామూలు మోతాదులో స్టెరాయిడ్ మాత్రలు మాత్రమే మింగినవాళ్లకు జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. గల్లీలో ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలు మింగేవాళ్లకు ఈ సంగతి తెలియాలి. తాము వాడే మందు ఓడిపోయిన చోట కూడా వైద్యులు దాచకుండా అచ్చువేశారు. అలా పరీక్షకు నిలబడ్డ తాయెత్తు ఒక్కటి చూపించండి.

మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందినుంచి వచ్చాక చూపు మసకబారితే గాలి సోకిందంటారు. బాయిలర్ దగ్గర షిఫ్టు చేసినా, ఎండలో నడిచొచ్చినా, ఒకసారి దెబ్బతిన్న నరం వేడికి తడబడి చూపు మళ్లీ మసకబారుతుంది. ఒళ్లు చల్లబడితే తేరుకుంటుంది. జర్మన్ కంటి వైద్యుడు ఊథాఫ్ 1890లో దీన్ని రాసిపెట్టాడు. చెట్టుకు ఇందులో పాత్ర లేదు.

కొన్నాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కి నడక తూలితే నిందను మోసేది చెట్టు కాదు, మనిషి. పాత మెదక్ జిల్లాలో బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపారు. నరం జబ్బుకు పొరుగింటి ముసలమ్మను దోషిని చేసే నమ్మకాన్ని ఆచారమని గౌరవించడం నా వల్ల కాదు.

ఇంకో భయం ఫోన్ల నుంచి వస్తోంది. మసక కనబడగానే ఎంఎస్ అనుకుని రాత్రుళ్లు నిద్ర మానుకుంటున్నారు. షుగర్, బీ12 లోపం, టీబీకి వాడే ఎథాంబ్యుటాల్ కూడా చూపును తగ్గిస్తాయి. కంటి నరం వాచినవాళ్లలో కూడా 15 ఏళ్లలో ఎంఎస్ తేలింది సగం మందికే. మొదటి ఎంఆర్‌ఐలో మచ్చలు లేనివాళ్లలో నాలుగోవంతుకే. ఇక ఇక్కడి ఫ్యాక్టరీల వల్ల నక్కవాగు కాలుష్యం నిజం, దానిమీద పోరాటం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అయినా రుజువు లేకుండా ఎంఎస్‌ను కంపెనీల ఖాతాలో వేయలేం. మందుల కంపెనీల్లో వాడే మిథనాల్ సంగతి వేరు. అది ఒంట్లోకి వెళితే ఒకటి రెండు రోజుల్లోనే రెండు కళ్లూ పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. ఏ పని చేస్తున్నారో డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఎంఎస్‌లాగే కనిపించే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే జబ్బు ఉంది. అందులో చూపు తనంతట తాను తిరిగి రావడం తక్కువ, చికిత్స ఆలస్యమైతే శాశ్వతంగా పోవచ్చు. దాన్ని పట్టిచ్చే యాంటీబాడీని 2004లో కనుగొన్నారు, ఇప్పుడది రక్తపరీక్షలో తెలుస్తుంది. తాడు కట్టుకున్నవాళ్లు తాడుతోనే వెళ్లండి, కానీ మండలం నిండేదాకా ఆగకుండా ఈ వారంలోనే కంటి డాక్టరుకూ, నరాల డాక్టరుకూ చూపించుకోండి.