గమ్యము వ్రాయని చికిత్స

పక్షవాతము తగిలిన మనుష్యుని ఆసుపత్రివారు ప్రాణాపాయము నుండి తప్పించి యింటికి బంపుదురు. ఇంటివారు మ్రొక్కులు చెల్లింతురు. కాని యా దినము మొదలుకొని రోగికి రెండవ పరీక్ష యారంభమగును. కుడి చేయి లేవదు. నోట మాట తిరుగదు. మంచము దిగుటకు ఒకరు, పెరటిలోనికి పోవుటకు ఇద్దరు సాయము కావలెను. నిన్నటివఱకు పదిమందికి పని చెప్పిన చేయి నేడు అన్నము కలుపుకొనజాలదు. ఈ స్థితి నుండి మనుష్యుని లేవనెత్తి, నడకను, చేతిపనిని, వాక్కును మరల నేర్పు వైద్యమునకు పునరావాస చికిత్స యని పేరు. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ యనునవి దాని శాఖలు. ఈ చికిత్సకగు వ్యయమును భీమా సంస్థలు భరింపవలెనా, భరించునెడల నే ప్రమాణమును బట్టి భరింపవలెనను ప్రశ్న పలువురకు గుమాస్తాల వ్యవహారముగా తోపవచ్చును. మాకట్లు తోచలేదు. అది వేలకొలది కుటుంబముల నిలుకడకు సంబంధించిన ప్రశ్న.

ప్రపంచారోగ్య సంస్థవారు ఉదహరించుచున్న 2019 సంవత్సరపు అంచనాను బట్టి, పునరావాస చికిత్స వలన మేలు పొందదగినవారు లోకమందు సుమారు 240 కోట్ల మంది కలరు. 2023 మే నెలలో జెనీవాలో సమావేశమైన ప్రపంచారోగ్య సభ, ఈ చికిత్సను ప్రతి దేశమును తన ఆరోగ్య వ్యవస్థలో బలపఱుపవలెనని తీర్మానించెను. తీర్మానము మంచిదే. కాని జెనీవా తీర్మానము గుడివాడలోని రోగి మంచము కడకు వచ్చుటకు మధ్య ఒక కాగితము అడ్డుపడుచున్నది. ఆ కాగితము భీమా పాలసీ.

మన దేశమున ఆరోగ్య భీమా చాలవఱకు ఆసుపత్రిలో పడకతో మొదలై పడకతో ముగియునది. 2020 ఏప్రిలు నుండి అమలులోనికి వచ్చిన ఆరోగ్య సంజీవని యను ప్రామాణిక పాలసీ, ఆసుపత్రి నుండి విడుదలయైన పిమ్మట 60 దినముల వ్యయమును ఒప్పుకొనుచున్నది. 2018లో ప్రారంభమైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన, కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయల వఱకు రక్షణ కల్పించుచు, విడుదల తరువాత 15 దినముల వ్యయమును మాత్రమే తనలో చేర్చుకొన్నది. పక్షవాతము వచ్చినవానికి మొదటి మూడు నెలలు మిక్కిలి విలువగలవి; అవయవములు వేగముగా తిరుగుముఖము పట్టు కాలమది; పిమ్మటను నెలల తరబడి సాధన కావలెను. 15 దినములకో, 60 దినములకో తలుపు మూయబడునెడల, నాట్లు వేసి నీరు కట్టి పొట్టదశలో కాలువ కట్టివేసినట్లగును. పెట్టిన పెట్టుబడియు పోవును, పంటయు రాదు.

ఇంతకంటె చింతింపదగిన సంగతి మఱొకటి గలదు. భీమా నియంత్రణ సంస్థవారు 2019 సెప్టెంబరులో పాలసీల మినహాయింపులను ఒక్క తీరునకు దెచ్చిరి. అందు అయిదవ మినహాయింపు విశ్రాంతి కొఱకు ఆసుపత్రిలో నుండుటను, పునరావాసమును, సంరక్షకులకు విరామమిచ్చు సేవను ఒక్క శీర్షిక క్రింద చేర్చినది. లోపలి వాక్యము చదువగా, చికిత్స పొందుటకు గాక ప్రధానముగా పడకలో విశ్రమించుటకై చేరిన రోగుల వ్యయము, స్నానము చేయించుట, బట్టలు కట్టుట మొదలగు పరిచర్యల వ్యయము, ఇందు ఉద్దేశింపబడినవని తెలియును. పరిచర్య వేఱు, చికిత్స వేఱు. ఒకరు రోగికి స్నానము చేయించుట పరిచర్య. రోగి తనకు తాను స్నానము చేసికొనునట్లు నేర్పుట చికిత్స. ఈ రెంటిని ఒక్క శీర్షిక క్రింద కట్టుట వలన, అక్షరార్థమున నిలువదగిన హక్కు కూడ సందేహమునకు లోనగుచున్నది. పేదవానికి సందేహమనగా నిరాకరణమే గదా!

భీమా సంస్థల భయమును మేము తృణీకరింపము. శస్త్రచికిత్సకు ఆది యంతములు గలవు. కత్తి పెట్టుట, కుట్లు విప్పుట, లెక్క ముగియుట. పునరావాస చికిత్సకట్టి హద్దులు పైకి కనబడవు. నెలకు నెల వ్యాయామము చేయింపబడును, బిల్లు వచ్చును, రోగి కేమి లాభించెనో చెప్పువారుండరు. ఉమ్మడి సొమ్ముతో నడచు నిధి యిట్టి వ్యయమునకు లెక్క యడుగుట అధర్మము కాదు. కాని లెక్క లేనందుకు మందు చికిత్సనే త్రోసివేయుట కాదు, లెక్కను వ్రాయుట. చికిత్స మొదలిడినప్పుడే దాని గమ్యమును కాగితము మీద పెట్టుట.

మా పాఠకులలో భూములుగలవారు పెక్కుమంది కలరు. చెక్కుబందీ లేని దస్తావేజు ఎంత విలువగలదో వారికి చెప్పనక్కఱలేదు. తూర్పున ఎవరి చేను, దక్షిణమున ఏ కాలువ, విస్తీర్ణమెంత యని వ్రాయని క్రయచీటి కోర్టులో నిలువదు. చికిత్స పత్రమును అట్టిదే. రోగి నడకను మెఱుగుపఱుచుట యని వ్రాసిన గమ్యము హద్దులు లేని దస్తావేజు. నేడు మంచము నుండి లేచుటకు ఇద్దరి సాయము కావలసిన రోగి, ఆరు వారములలో చేతికఱ్ఱతో, మఱొకరు పట్టుకొనకుండ, పడకగది నుండి స్నానపుగది వఱకు 20 అడుగులు నడువగలుగవలెనని వ్రాసినచో, అది నాలుగు హద్దులు గల గమ్యము. నేటి స్థితి, రేపటి స్థితి, గడువు, కొలత, ఈ నాలుగును అందు గలవు. అట్టి పత్రమును త్రోసివేయు భీమా గుమాస్తా దేనిని త్రోసివేయుచున్నాడో చెప్పవలసియుండును.

కొలతలకు కొదువలేదు. స్నానము, భోజనము, వస్త్రధారణ, మెట్లెక్కుట మొదలగు పది పనులలో రోగి స్వశక్తిని 100 మార్కులకు లెక్కించు బార్తెల్ సూచిక 1965లోనే ప్రకటింపబడినది. పది మీటర్లు నడచుటకు పట్టు కాలమును గడియారముతో చూడవచ్చును. కీలు ఎంతవఱకు వంగునో కోణమాపకముతో కొలువవచ్చును. ఇందు ఖరీదైన యంత్రము లేవియు లేవు. కావలసినది వ్రాయు అలవాటు.

ఈ మార్గమున ముందు నడచిన దేశముల యనుభవము మనకు రెండు విధముల పాఠము చెప్పుచున్నది. అమెరికాలో 65 ఏండ్లు దాటినవారికి 1965 చట్టము వలన మెడికేర్ అను ప్రభుత్వ భీమా ఏర్పడినది. అచ్చట ఆసుపత్రి వెలుపల జరుగు థెరపీకి సొమ్ము రావలెనన్న, రోగ నిర్ణయము, చికిత్స యొక్క దూరగమ్యములు, ఏ రకపు చికిత్స, ఎంత, వారమునకెన్ని మారులు, ఎన్ని వారములు అను సంగతులన్నియు ప్రణాళికలో నుండవలెను. పది చికిత్స దినములలోపల ఒకమారైన ప్రగతి నివేదిక వ్రాయవలెను. చికిత్స సాగవలెనన్న 90 దినములకు మించకుండ వైద్యుడు ప్రణాళికను మరల ధ్రువపఱుపవలెను. ఇది మొదటి పాఠము, గ్రహింపదగినది.

రెండవది వర్జింపదగినది. 1997 చట్టము మెడికేర్ థెరపీకి ఏటికి 1,500 డాలర్ల కట్టడి విధించెను. రోగి అవసరమునకు గాక పద్దునకు గమ్యము నిర్ణయించిన ఆ కట్టడి పెక్కు మార్పులకు, వాయిదాలకు లోనై, తుదకు 2018లో రద్దయ్యెను. అంతకంటె క్రూరమైనది మఱొక యలవాటు. రోగి మెఱుగగుచున్నట్లు పత్రములు చూపిననే సొమ్ము, మెఱుగు ఆగిపోయినచో నిరాకరణము అను పద్ధతి ఏండ్ల తరబడి సాగినది. క్రమక్రమముగా క్షీణింపజేయు నాడీవ్యాధి గలవానికి మెఱుగెక్కడిది? నేడు నడచుచున్న నాలుగడుగులు వచ్చే ఏడును నడచుటయే వానికి విజయము. దీనిపై 2011లో వెర్మాంటు రాష్ట్రపు ఫెడరల్ న్యాయస్థానములో జిమ్మో వ్యాజ్యము దాఖలయ్యెను. 2013 జనవరిలో న్యాయస్థానము రాజీని ఆమోదించెను. మెఱుగగు అవకాశము గలదా లేదా యన్నది కాదు, నిపుణుని చికిత్స యవసరమా కాదా యన్నదే ప్రమాణమని అందు స్పష్టము చేయబడినది. ఉన్న శక్తిని నిలుపుటయు, క్షీణతను మందగింపజేయుటయు గూడ న్యాయమైన గమ్యములే యని తేలినది. అయినను రాజీ కుదిరినంతనే కచేరీల యలవాటు మాఱలేదు. ప్రభుత్వము చేసిన ప్రచారము చాలదని న్యాయస్థానము మరల కలుగజేసికొనగా, 2017లో దిద్దుబాటు చర్యలకు ఉత్తరువు వెలువడినది.

కావున గమ్యములను వ్రాయుడనుచున్న మేము, గమ్యమనగా మెఱుగు మాత్రమే యను పొరపాటును మన దేశములోనికి దిగుమతి చేయవలదని అంతే గట్టిగా చెప్పుచున్నాము. మూడు విధముల గమ్యములు గలవు: పోయినదానిని తిరిగి తెచ్చుట, ఉన్నదానిని నిలుపుట, పోవుదానిని ఆలస్యము చేయుట. మూడును పత్రములో వ్రాయదగినవే. మూడింటికిని సొమ్ము చెల్లదగినదే.

గమ్యమెవరిది యను ప్రశ్న ఇంకను ముఖ్యమైనది. పడమటి దేశముల పట్టికలలో కుర్చీ నుండి లేచుట కలదు. నేల మీద కూర్చుండి లేచుట లేదు. మన యిండ్లలో పీట మీద కూర్చుండి భోజనము చేయువారు, నేల మీద పూజకు, నమాజునకు కూర్చుండువారు నేటికిని కలరు. గడప దాటుట, బావిగట్టు మెట్టెక్కుట, చేని గట్టు మీద నడచుట మన రైతు గమ్యములు. నాడె విసరుట చేనేతవాని గమ్యము. బిందె యెత్తుట, పిండి కలుపుట గృహిణి గమ్యము. చికిత్సకుడు రోగి నడుగకయే గమ్యము వ్రాయునెడల, అది భీమా కచేరీకి వ్రాసిన యర్జీయే గాని చికిత్స కాదు. వాక్కు పోయినవాని తరపున ఇంటివారు చెప్పవచ్చును. ఇంటివారు చెప్పినంత మాత్రమున రోగి ముఖము చూడక వ్రాయరాదు.

చికిత్సకులు వ్రాతపని చేటు తెచ్చుననుచున్నారు. చేతితో చేయవలసిన కాలము కలమునకు పోవుచున్నదనుచున్నారు. నిజమే. కాని నిన్నటి వాక్యమునే నేడును ఎత్తి వ్రాయు నివేదికల వలన కాలము మిగులునేమో గాని రోగికి హాని కలుగును. ఏ పరీక్షకుడును అట్టి పత్రమును నమ్మడు. సులభముగా గెలువవలెనని చిన్న గమ్యమును వ్రాయుటయు, ఆశ చూపవలెనని అసాధ్యమైన గమ్యమును వ్రాయుటయు రెండును వంచనలే. ఒక్క పుటలో నాలుగు వాక్యములు నిజముగా వ్రాసిన చాలును.

ఇట్టి చికిత్సకు భీమా మన దేశమున అసాధ్యము కాదనుటకు నిదర్శనము గలదు. 1999 చట్టముచే ఏర్పడిన జాతీయ ట్రస్టు నడపు నిరామయ పథకము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యములు గలవారికి లక్ష రూపాయల రక్షణతో పాటు, ఆసుపత్రిలో చేరకయే పొందు థెరపీని సైతము చేర్చుకొన్నది. 2007లో శ్రీకాకుళము, అనంతపురము, మహబూబునగరు జిల్లాలలో ఆరోగ్యశ్రీని మొదలిడి దేశమునకు దారి చూపిన తెలుగునాడు, ప్రాణము నిలిపిన తరువాతి మెట్టునకు గూడ దారి చూపలేకుండునా?

మా సూచనలు నాలుగు. మొదటిది, నియంత్రణ సంస్థవారు మినహాయింపు శీర్షిక నుండి పునరావాసమను మాటను తొలగించి, గమ్యము వ్రాసియున్న చికిత్స పరిచర్యలో చేరదని స్పష్టము చేయవలెను. రెండవది, 2021 చట్టమును బట్టి ఏర్పడు ఆరోగ్యవృత్తుల మండలులు ఫిజియోథెరపీ మొదలగు వృత్తులవారికి ఒక్క పుట గమ్యపత్రమును నిర్ణయించి, దాని ప్రతిని తెలుగులో రోగి చేతికి ఇప్పింపవలెను. మూడవది, దినముల లెక్కతో గాక గమ్యముల సమీక్షతో చికిత్సను పొడిగించు పద్ధతి ప్రభుత్వ పథకములలో ముందు రావలెను. నాలుగవది, నిరాకరించు సంస్థ, ఏ గమ్యము ఏ కారణమున అంగీకార్యము కాదో వ్రాతమూలముగా తెలుపవలెను.

ఈ మార్పులు వచ్చువఱకు ప్రజలు చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పనిలేదు. ఆసుపత్రి విడుచునప్పుడే గమ్యపత్రమునడిగి పుచ్చుకొనుడు. కంపెనీ నిరాకరించినచో ఉత్తరము వ్రాతమూలముగా కోరుడు. ముందు కంపెనీకే ఫిర్యాదు చేసి, న్యాయము జరుగనిచో హైదరాబాదులోని భీమా అంబుడ్స్‌మన్ కచేరీకి వ్రాయుడు. ఆంధ్ర, తెలంగాణములవారికి ఆ కచేరీ రుసుము లేకయే విచారణ చేయును. హద్దులు తెలిసిన రైతు తన చేనును పోగొట్టుకొనడు. గమ్యమెఱిగిన రోగి తన హక్కును పోగొట్టుకొనడు.

స్వరాజ్యమన్న మాటను మన పెద్దలు దేశమునకు వాడిరి. పరుల చేతి యన్నము తినక తన చేతి ముద్ద తాను తినగలుగుట, తన కాళ్లపై తాను గడప దాటగలుగుట, ఇవి దేహమునకు స్వరాజ్యము. దాని సరిహద్దులు వ్రాయుట చికిత్సకుని విధి. వ్రాసినదానిని మన్నించుట భీమా సంస్థ విధి. వ్రాయుమని యడుగుట మన విధి.