నలభై నిమిషాలు ఖాళీగ నిలబడ్డ మనిషి (గేటు ముచ్చట్లు – 9)



మొన్న రాత్రి రుద్రారం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, మా కంపెనీల ఏఐ పెడుతున్నరంట. దానికోసం బయట నుంచి ఒక కన్సల్టెంట్ సారును తెచ్చిండ్రు. మనం వద్దనాల్నా, సరే అనాల్నా?" అప్పుడు ఏదో చెప్పి పెట్టేసిన గానీ మనసున పట్టలే. ఈ వారం రాయాలనుకున్న ముచ్చట పక్కకు పెట్టి ఇదే రాస్తున్న. జర పొడుగయితది, ఓపిక పట్టండి.

నేను పటాన్‌చెరు పారిశ్రామికవాడల పన్నెండేండ్లు చేసిన. హెల్పర్‌గ ఎక్కి ఆపరేటర్‌గ దిగిన. ఇప్పుడు కాంట్రాక్టు కార్మికుల పీఎఫ్, ఈఎస్ఐ కాయితాలు రాసిపెడుతుంట. అందుకే కంపెనీల లోపలి ముచ్చట్లు చాయ్ బండి కాడికే వస్తయి.

కిందటేడు ఒక మందుల కంపెనీ, పేరెందుకు లెండి, ఒక కన్సల్టెంట్‌ను పెట్టుకున్నది. స్వతంత్ర కన్సల్టెంట్ అంటరు. ఏ పెద్ద సంస్థల ఉద్యోగి కాదు, సొంతంగ ఒప్పందం రాసుకుంటడు, నాలుగు నెలలు ప్రాజెక్టు నడిపిస్తడు, పోతడు. ఆయన ఒక్క రోజు ఫీజు మా హెల్పర్ నెల జీతం కన్నా ఎక్కువ. దాని మీద నాకు ఏడుపు లేదు. విద్య ఉన్నది, తీసుకుంటడు. మనిషి కూడా మంచోడే. ఇస్నాపూర్ చౌరస్తాల నన్ను వెతుక్కుంట వచ్చి, "మీరు ఇక్కడి వాళ్ళతో పనిచేస్తారట కదండీ, కొంచెం మాట్లాడాలి" అని కూసున్నడు.

ఆయన చేతిల ఒక లిస్టు ఉన్నది. ఫ్యాక్టరీ ఎట్ల నడుస్తదో తెలుసుకోనీకి మొదటి నెలల మాట్లాడిన మనుషులు. మొత్తం పన్నెండు మంది. జనరల్ మేనేజర్ నుంచి షిఫ్ట్ ఇంచార్జి దాక. ఇంటిపేర్లు చదువుకుంట పోతే నాకు నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో ఈ పేజీ చదివేటోళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. మంది లెక్కన చూస్తే ఆ ఫ్యాక్టరీల సగానికి ఎక్కువ కాంట్రాక్టు కార్మికులే. మన మాల మాదిగ పోరగాళ్ళు, ఒడిశా బీహార్ నుంచి వచ్చినోళ్ళు. లిస్టుల ఒక్కడు లేడు.

"వీళ్ళతోని ఎందుకు మాట్లాడలే సార్?" అన్న.

"నా ఒప్పందంలో లేదండీ. వాళ్ళు కంపెనీ ఉద్యోగులు కారు, కాంట్రాక్టర్ మనుషులు అన్నారు."

రియాక్టర్ల సరుకు పోసేటప్పుడు కంపెనీ మనుషులే. డ్రైయర్ కడిగేటప్పుడు కంపెనీ మనుషులే. అడిగేటప్పుడు మాత్రం కాంట్రాక్టర్ మనుషులు. ఒప్పంద పత్రం అంటే ఊరి బొడ్రాయి లెక్క, ఎవరు లోపట, ఎవరు బయట అని అక్కడ్నే తేలిపోతది. కన్సల్టెంట్ ఎంత మంచోడన్న గానీ, ఆ గీత దాటనీకి ఆయనకు పైసలు ఇస్తలేరు.

ఇంతకీ ఆయన ఏం పెట్టిండు? గేటు కాడ మొఖం చూసి హాజరు వేసే మిషన్. లోపల కెమెరాలు. హెల్మెట్ లేకుంటే చెప్తది, మనిషి పని కాడ కదలకుంట ఉంటే లెక్క కడుతది. నైట్ షిఫ్ట్ దిగేటప్పుడు మొఖం మీద పౌడర్ ఉంటే మిషన్ గుర్తుపడుతలేదు. గుర్తుపట్టకుంటే సగం రోజు కోత. ఇది నేను చెప్పినంక ఆయన సరిచేయించిండు. మిషన్ తప్పితే సూపర్‌వైజర్ చేతితోని రాయాలె, కోత ఉండొద్దు అని. ఒక్క చాయ్ తాగినంతసేపు మాట్లాడితే అయిన పని.

అసలు కథ డ్రైయర్ కాడ ఉన్నది. అక్కడ ఒక పెద్దమనిషి, మేమంత కాకా అంటం, ఇరవై ఏండ్ల నుంచి హెల్పరే. కాంట్రాక్టర్లు నలుగురు మారిండ్రు, ఆయన మారలే. కెమెరా లెక్కల ఆయన షిఫ్టుకు నలభై నిమిషాలు "ఖాళీ". ఎర్ర గీత. తీసేసే వాళ్ళ పేర్లల్ల ఆయన పేరు పైనున్నది. కన్సల్టెంట్‌ను రాత్రి పూట నేనే తీసుకపోయి కాకా పక్కన నిలబెట్టిన.

"కాకా, ఏం చేస్తున్నవ్?"

"ఇంటున్న బిడ్డా."

బ్లోయర్ బేరింగ్ సప్పుడు ఇంటున్నడాయన. బేరింగ్ అరిగితే ముందు సన్నగ కీచుమంటది, తర్వాత వేడెక్కుతది. సన్నటి పౌడర్ గాలిల లేసి ఉన్న చోట ఆ వేడి, ఒక్క నిప్పురవ్వ చాలు. పిండిమిల్లులు కూడా అట్లనే పేలుతయి. కాకాకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పలే. చెవి చెప్పింది. రెండుసార్లు ఆయన అరిస్తేనే మిషన్ ఆపిండ్రు.

ఇది చదువుతుంటే మీకు పాశమైలారం యాదికొస్తది. 2025 జూన్ 30, సిగాచి ఇండస్ట్రీస్. 40 మందికి పైగ సచ్చిపోయిండ్రు. పాత మిషన్ల గురించి మా నాయిన ముందే చెప్పిండు, మేనేజ్‌మెంట్ వినలేదని చనిపోయిన ఒక కార్మికుని ఇంటోళ్ళు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చిండ్రని పేపర్లల్ల వచ్చింది. కేసు సంగతి కోర్టు చూసుకుంటది. నాకు కడుపుల తిప్పింది ఇంకోటి. పేలుడు అయినంక లోపల ఎంతమంది ఉన్నరో తేల్చనీకి రోజులు పట్టింది. డీఎన్ఏ పరీక్షలు చేసిండ్రు. కొందరి ఆనవాలే దొరకలే. గేటు బయట ఆడోళ్ళు ఫోటోలు పట్టుకొని తిరిగిండ్రు.

అందుకే ఆ తమ్మునికి నా జవాబు: ఏఐ వద్దనకు. ముందు ఏం అడగాల్నో అడుగు. ఈ నిమిషంల ఏ బ్లాకుల ఎవరెవరున్నరు, కాంట్రాక్టు కార్మికులతో సహా, ఆ లిస్టు ఫ్యాక్టరీ బయట కూడా భద్రంగ ఉండాలె. అదే మొదటి పని. కెమెరా కాకా నిలబడ్డది లెక్కపెట్టేటందుకు కాదు, బేరింగ్ వేడి లెక్కపెట్టేటందుకు పెట్టుమను. అదే పైసలు, అదే కన్సల్టెంట్.

మనోళ్ళల్ల కొందరు మిషన్ వస్తే మన పొట్ట కొడతదంటరు. నేను పూర్తిగ ఒప్పుకోను. మనల్ని చంపే పని మిషన్‌కు పోనీ. 2017ల హైదరాబాద్ వాటర్ బోర్డు, దళిత పారిశ్రామికవేత్తల సంస్థ డిక్కీతోని కలిసి 70 మినీ జెట్టింగ్ మిషన్లు తెచ్చింది. మ్యాన్‌హోల్‌ల దిగేటోళ్ళ ఇండ్లకు మిషన్ల యాజమాన్యం పోవాలన్నది అక్కడి ఆలోచన. లోపాలు లేవనను. కానీ మిషన్ ఎవరిది అన్న ప్రశ్న అక్కడ వేసిండ్రు. పటాన్‌చెరుల ఎవరూ వేస్తలేరు.

అడగకుంటే ఏమైతదో కూడా చూసినం. కంప్యూటర్ లెక్కలు చూసి మన రాష్ట్రంల లక్షల రేషన్ కార్డులు నోటీసు లేకుంట కొట్టేసిండ్రు. 2022ల సుప్రీంకోర్టు ఇండ్లకు పోయి మళ్ళ చూడండి అనేదాక పోయింది. ఆ లెక్క కట్టినోడు ఏ వాడకట్టు గడపా తొక్కలే.

ఇగ యజమానులు నాతోని అనేది, "మీవాళ్ళలో అంత చదివిన కన్సల్టెంట్లు దొరకరు." అయ్యా, దేశంల మొదటిసారి ఏఐల బీటెక్ పెట్టింది కంది ఐఐటీ, 2019ల. మన సంగారెడ్డి జిల్లాలనే. రిజర్వేషన్ సీట్లల్ల మన పిల్లలు ఏటా అక్కడ్నుంచి బయటకొస్తున్నరు. దొరకకపోవుడు కాదు, మీరు వెతికే చోట లేకపోవుడు. కన్సల్టెంట్‌కు నోటిఫికేషన్ ఉండదు, రోస్టర్ ఉండదు. బావమరిది చెప్తడు, క్లాస్‌మేట్ చెప్తడు, పెళ్ళిల కలిసినోడు చెప్తడు.

బాబాసాహెబ్ 1942 నుంచి 46 దాక వైస్రాయ్ కౌన్సిల్‌ల లేబర్ మెంబర్‌గ ఉన్నడు. సర్కారు, యజమాని, కార్మికుడు ముగ్గురూ ఒక్క బల్ల కాడ కూసునే పద్ధతి ఆ రోజుల్లనే మొదలయ్యింది. నేను కొత్తది అడుగుతలేను. ఒప్పందంల నాలుగు వాక్యాలు ఎక్కువ రాయమంటున్న. కాంట్రాక్టు కార్మికులతోని, సూపర్‌వైజర్ పక్కన లేకుంట, మాట్లాడాలె. సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ నుంచి కన్సల్టెంట్ కమీషన్ తీసుకోవద్దు, తీసుకుంటే స్వతంత్రం అనే మాట పేరు నుంచి తీసెయ్యాలె. మిషన్ లెక్క చూసి ఎవరినన్న తీసేసేముందు ఆ మనిషి మాట ఇనాలె. రిపోర్టు సారాంశం తెలుగు, హిందీ, ఒడియాల గేటు కాడ అతికియ్యాలె. చివరి వాయిదా ఫీజు ఇవన్నీ అయినంకనే. యూనియన్ లేని కంపెనీల ఇది ఎవరు అడుగుతరంటే, కన్సల్టెంటే అడగాలె. సంతకం పెట్టకముందు ఆయన మాటకు ఉన్న బలం మా పన్నెండేండ్ల సర్వీసుకు లేదు.

ఆ సారు పోయే ముందు ఫోన్ చేసిండు. కాకా పేరు లిస్టుల నుంచి తీసేయించిండంట. ఆ నలభై నిమిషాలకు సాఫ్ట్‌వేర్‌ల "బేరింగ్ తనిఖీ" అని పేరు పెట్టించిండంట. సంబురపడి కాకాకు చెప్పనీకి పోయిన.

"జీతం పెరిగిందా మరి?" అన్నడు కాకా.

కనుక్కున్న. హెల్పర్ జీతమే.