స్కాన్ గదిలోకి వెళ్ళేముందు అడగండి

మైలవరం చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికైనా డాక్టరుగారు "సి.టి. స్కాన్ తీయించండి" అని చీటీ రాసి ఇస్తే, సాధారణంగా విజయవాడ బస్సు ఎక్కుతారు. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగిన పిల్లవాణ్ణో, పిల్లనో వెంటబెట్టుకు వెళతారు. ఆ పిల్లలు మీరే కావచ్చు. స్కానింగ్ కేంద్రంలో ఒక కాగితం చేతికిచ్చి "ఇక్కడ అమ్మమ్మ చేత సంతకం పెట్టించు బాబూ" అంటారు. అమ్మమ్మ వేలిముద్ర వేస్తుంది. ఆ కాగితంలో ఏముందో ఆమె అడగదు, మీరూ చదవరు.

ఈ అలవాటు పోవాలని నా అభిప్రాయం. ఆ కాగితంలోని ప్రతి ప్రశ్నకూ ఒక కారణం ఉంది. అది తెలియాలంటే ముందు ఆ యంత్రం ఏం చేస్తుందో తెలియాలి.

నూజివీడు మామిడిపండు పైకి నిగనిగలాడుతూ ఉంటుంది. లోపల టెంకలో పురుగు ఉందేమో కోస్తేగాని తెలియదు. కోయకుండా చూడడం ఎలా? ఎక్స్ కిరణాలను 1895లో రాంట్‌జెన్ కనిపెట్టాడు. అవి ఒంట్లోంచి దూసుకుపోతాయి, నిజమే. కాని మామూలు ఎక్స్‌రే ఫొటోలో ముందున్నవీ వెనకున్నవీ అన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి. విడదీయడానికి ఒక కిటుకు ఉంది. కాగితంమీద నాలుగు గళ్ళు గీసి, పై వరసలో 2, 3, కింది వరసలో 4, 5 వేయండి. అంకెలు దాచిపెట్టి, అడ్డవరసల మొత్తాలు 5, 9 అనీ, నిలువు వరసలవి 6, 8 అనీ మాత్రమే స్నేహితుడికి చెప్పండి. రకరకాల జవాబులు వస్తాయి. ఐమూలగా 2, 5 కలిపితే 7 అని కూడా చెప్పండి. ఇక జవాబు ఒక్కటే! కిరణం ఒక దిక్కునుంచి పోతే ఒక మొత్తం తెలుస్తుంది. అందుకే యంత్రం మన చుట్టూ తిరుగుతూ అన్ని దిక్కులనుంచీ మొత్తాలు కూడగడుతుంది. గళ్ళలో అంకెలు నింపే పని కంప్యూటరుది.

ఈ లెక్కను దక్షిణాఫ్రికాలో పుట్టిన అలన్ కార్మాక్ 1963, 64లలో ప్రచురిస్తే పట్టించుకున్నవారు చాలా తక్కువ. ఇంగ్లండులో రైతు కుటుంబంలో పెరిగిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు యూనివర్సిటీ డిగ్రీ లేదు. ఆయన ఇ.ఎం.ఐ. కంపెనీలో ఇంజనీరు. ఆయన చేసిన యంత్రంతో 1971 అక్టోబరు 1న లండనులోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో మొదటిసారి ఒక రోగి తలను చూశారు. నిలువునా 80, అడ్డంగా 80 గళ్ళు. మెదడులో కణితి ఉన్న చోటు తెలిసిపోయింది! 1979లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక కాగితం సంగతి. కొన్ని స్కాన్‌లకు రక్తనాళాలు స్పష్టంగా కనిపించడానికి అయొడిన్ ఉన్న మందును నరంలోకి ఎక్కిస్తారు. అది వెళ్ళగానే ఒళ్ళంతా వెచ్చబడుతుంది, నోట్లో ఇనుము నాకిన రుచి, మూత్రం వచ్చేసినట్టు అనిపించడం కూడా ఉంటుంది. ఒక నిమిషంలో సర్దుకుంటుంది. ఈ ముక్క ముందే చెబితే అమ్మమ్మ హడలిపోదు. కాని దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే కేక వేయాలి.

ఈ మందు మూత్రపిండాలగుండా బయటికి పోతుంది. మైలవరానికి దగ్గరలోనే, తిరువూరు వైపున ఉన్న ఎ.కొండూరు మండలంలోని తండాలలో ఎంతోమంది మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నారు. "కిడ్నీ జబ్బు ఉందా?" అన్న ప్రశ్నకు చదవకుండా "లేదు" అని గీత గీయడం ఆ ప్రాంతపు మనిషి విషయంలో ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఆ అనుమానం ఉంటే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించి, మందు ఎక్కించాలా వద్దా అన్నది డాక్టరుగారు తేలుస్తారు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్రల సంగతి కూడా తప్పక చెప్పాలి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి వాటిని కొద్దిరోజులు ఆపమంటారు. సొంతంగా మాత్రం ఆపకూడదు సుమా.

మన డెల్టాలో ఇంకొక మాట వినిపిస్తుంది: రొయ్యలు పడనివారికి ఈ మందు పడదని. అది అపోహ. రొయ్యలు పడకపోవడానికి కారణం వాటిలోని మాంసకృత్తులు, అయొడిన్ కాదు. ఇదివరకు ఇదే మందు పడలేదా, ఉబ్బసం ఉందా అన్నవి అసలు ప్రశ్నలు.

పరగడుపున రమ్మన్నారా? ఎన్ని గంటలు, మంచినీళ్ళు తాగవచ్చా అని అడగండి. మామూలు తల స్కాన్‌కు సాధారణంగా ఆ అవసరమే ఉండదు. ఇన్సులిన్ పొడిచి కడుపు మాడిస్తే బస్సులోనే కళ్ళు తిరుగుతాయి. తల స్కాన్ అయితే చెవిదిద్దులు, ముక్కుపుడక, కట్టుడుపళ్ళు, పొట్టకైతే మొలతాడుకున్న తాయెత్తు తీయాలి. లోహం అడ్డువస్తే బొమ్మ చారలు పడి పాడవుతుంది. పుస్తెలతాడు తీయనని అమ్మమ్మ మొరాయిస్తే ఆ కారణం చెప్పి చూడండి.

కిరణాలకు భయపడాలా? ప్రకృతినుంచే మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టుల కిరణశక్తి తగులుతూ ఉంటుంది. తల స్కాన్‌లో సుమారు 2, పొట్ట స్కాన్‌లో 8 దాకా తగులుతుంది. యంత్రం ఆగితే కిరణాలూ ఆగుతాయి, ఒంట్లో ఏమీ మిగలదు. అవసరమైన స్కాన్‌ను ఈ భయంతో మానడం తెలివితక్కువ. అలాగే ప్రతి తలనొప్పికీ "ఒక స్కాన్ రాయండి డాక్టరుగారూ" అని వెంటపడడమూ తెలివితక్కువే. ఈ రెండో జబ్బు ఈమధ్య ఎక్కువైందని నా అనుమానం. గర్భిణి అయితే ముందే చెప్పి తీరాలి. స్కాన్ మీకే అయితే యంత్రాన్ని పిల్లల ఒంటికి తగినట్టు తగ్గించి పెట్టారా అని అడగండి. అడిగితే ఎవరూ కోప్పడకూడదు.

ఆ కాగితం తెలుగులో, పెద్ద అక్షరాలతో అచ్చువేయడం స్కానింగ్ కేంద్రాలవారికి పెద్ద ఖర్చేమీ కాదు. వేసేదాకా చదివి చెప్పే పని మీదే. బయలుదేరేముందు పరుపు కిందా బీరువా మీదా వెతికి పాత ఫిల్ములూ రిపోర్టులూ సంచీలో పెట్టుకోండి. అవి చూశాక, మళ్ళీ స్కాన్ అక్కరలేదని డాక్టరుగారే అనవచ్చు.