సీసాలో నీడ దొరుకుతుందా?

మార్చి సగం గడిచేసరికి మన హాస్టలు గదుల్లో ఒక వాదన మొదలవుతోంది. సన్‌స్క్రీన్ పూసుకోవాలా, వద్దా? ఒక పక్షంవారు, పూసుకోకపోతే కేన్సరు ఖాయమంటారు. రెండో పక్షంవారు, ఆ సీసాలో ఉన్నదంతా విషమనీ, రక్తంలో కలుస్తుందనీ అంటారు. ఇద్దరికీ సాక్ష్యం చేతిలోని సెల్‌ఫోనే. రసాయనశాస్త్రం చదువుతున్నందుకైనా ఈ రెండు మాటల్లో నిజమెంతో తూచి చూడడం మన బాధ్యత కదా!

ముందు విషం సంగతి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ అనే ఖనిజపు పొడులతో చేసిన క్రీములు ఒక రకం. ఆక్సిబెంజోన్, అవోబెంజోన్, ఆక్టోక్రిలీన్, ఆక్టినాక్సేట్ వంటి సేంద్రియ రసాయనాలతో చేసినవి ఇంకో రకం. గొడవంతా ఈ రెండో రకం గురించే. అమెరికా ఆహార, ఔషధ సంస్థవారు 24 మందికి ఒంటిమీద ముప్పాతిక భాగానికి, రోజుకు నాలుగుసార్ల చొప్పున నాలుగు రోజులు ఈ క్రీములు పూయించి రక్తం పరీక్షించారు. 2019లో ఆ ఫలితాలు వెలువడినాయి. మిల్లీలీటరు రక్తంలో అర నానోగ్రాము దాటితే ఇంకా లోతుగా పరీక్షించాలన్నది వారు పెట్టుకున్న హద్దు. చూసిన నాలుగు రసాయనాలూ ఆ హద్దు దాటినాయి. 2020లో 48 మందితో చేసిన రెండో పరీక్షలో ఒక్కసారి పూసినా దాటినట్టు తేలింది.

ఇక్కడిదాకా చెప్పి ఆపేసేవాళ్లే ఎక్కువ. రక్తంలో చేరడం వేరు, హాని చేయడం వేరు. హాని జరిగిందని ఆ పరీక్షలు చెప్పలేదు. వాడకం మానమని కూడా ఆ సంస్థ చెప్పలేదు. అట్లని కంపెనీలను వదిలిపెట్టే పనీ లేదు. అదే సంస్థ 2019లో, ఇప్పుడున్న ఆధారాలతో సురక్షితమని చెప్పదగ్గవి జింకు, టైటానియం రెండేనని ప్రతిపాదించింది. పన్నెండు రసాయనాలకు చాలినంత సమాచారమే లేదన్నది. దశాబ్దాలుగా అమ్ముతున్న సరుకు మీద పరీక్షలు లేకపోవడమేమిటి? డబ్బు తీసుకునేటప్పుడు లేని బద్ధకం పరీక్ష పెట్టేటప్పుడు ఎందుకొచ్చింది? ఐరోపావారు 2022లో ఆక్సిబెంజోన్‌ను ముఖానికి వాడేవాటిలో 6 శాతానికి, ఒళ్లంతా పూసేవాటిలో 2.2 శాతానికి కుదించారు. అమెరికాలో సన్‌స్క్రీన్ మందుల కింద లెక్క. మన దేశంలో అది పౌడరు, స్నోల మాదిరి సౌందర్య సాధనం మాత్రమే.

పగడపు దిబ్బలకు చేటని హవాయి రాష్ట్రం 2018లో చట్టం చేసి 2021 జనవరి నుంచి ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న క్రీముల అమ్మకం ఆపింది. పలావు అనే చిన్న ద్వీపదేశం అంతకు ఏడాది ముందే నిషేధించింది. నిజానికి పగడాలను ఎక్కువగా చంపుతున్నది సముద్రం వేడెక్కడమే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే సంబరపడే మనకు పగడాల గోల ఎందుకని మీరు నవ్వవచ్చు. కానీ ఒంటికి పూసింది స్నానపు నీళ్లతో కాలువలోకి పోక ఎక్కడికి పోతుంది? సముద్రంలో పడితే పలచబడుతుంది. అడుగంటిన చెరువులో పడితే? మన ఎమ్మెస్సీ ప్రాజెక్టులు పాత రికార్డులు చూసి రాయడంతో సరిపోతున్నాయి. ఊరి మురుగుకాలువ నీళ్లు నాలుగు సీసాలు పట్టి ఈ లెక్క తేల్చేవాళ్లెవరైనా ఉంటే బాగుండు.

ఇక కేన్సరు సంగతి. రోజూ సన్‌స్క్రీన్ వాడితే చర్మ కేన్సరు తగ్గిందని ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఏళ్ల తరబడి నడిపిన పరీక్ష తేల్చింది. అది నిజం. అయితే ఆ చర్మాలు తెల్లవి. నల్లని పైచర్మం దానంతటదే సుమారు 13 ఎస్‌పీఎఫ్‌కు సమానమైన రక్షణ ఇస్తుందనీ, తెల్లదానికి అది మూడున్నర లోపేననీ 1979లోనే కొలిచి చూపారు. చాయ ఒక్కటే కాని మనవాళ్లలో ఆ లెక్క మధ్యలో ఎక్కడో ఉంటుంది. మెలనోమా మన దేశంలో అరుదు. కాబట్టి భయపెట్టి అమ్మేవాళ్ల మాట సగానికి సగం తగ్గించుకోండి. పుట్టుకతో చర్మంలో రంగు లేనివారు, బొల్లి మచ్చలున్నవారు, లూపస్ రోగులు, మంగు తో బాధపడేవారు, డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు మింగుతున్నవారు మాత్రం తప్పక వాడాల్సిందే. జింకు క్రీము ముఖాన సున్నం కొట్టినట్టు కనిపిస్తుందని సిగ్గుపడనక్కర్లేదు.

నాకు ఆక్సిబెంజోన్ కన్నా ఎక్కువ భయం దాని పక్క అరలో ఉండే తెల్లబడే క్రీములంటే. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇటువంటి క్రీములు పూసుకున్నవారి మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి వైద్యులు బయటపెట్టారు, కారణం పాదరసం. స్టెరాయిడ్ క్రీములు ఇంకో దరిద్రం. చీటీ లేకుండా అమ్మరాదని 2018లో పద్నాలుగు రకాలను షెడ్యూలు హెచ్‌లో చేర్చినా, వాటిని ముఖానికి స్నో మాదిరి రాసేవాళ్లున్నారు. అది చర్మాన్ని పలచన చేసి ఎండను అసలే ఓర్చుకోలేకుండా చేస్తుంది. ఆ మంట తగ్గడానికి మళ్లీ సన్‌స్క్రీన్ కొంటారు! వ్యాపారమంటే అదీ.

ఎండ గురించి మాట్లాడేటప్పుడు ఎండలో ఉన్నవాళ్లు గుర్తుకు రావద్దా? సీసా మీద రాసిన ఎస్‌పీఎఫ్ రావాలంటే చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాములు పూయాలి. ఒళ్లంతటికీ సుమారు 30 మిల్లీలీటర్లు, రెండు గంటలకోసారి. చెనక్కాయ చెట్టు పీకే కూలీకి ఒక పూటలోనే చిన్న ట్యూబు ఖాళీ. ఆమె చేసే పని మీరు చూసే ఉంటారు. చీర మీద మొగుడి పూర్తిచేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుంటుంది. దట్టమైన నేతబట్ట ఏ రసాయనానికీ తీసిపోని అడ్డు. రక్తంలోకి పోదు, చెరువులో కలవదు.

అయినా బట్ట గానీ క్రీము గానీ ఆపలేనిది ఒకటుంది. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిసి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిని చంపింది వేడి. దానికి మందు నీడ, నీళ్లు, పని వేళలు. దేశంలో ఉపాధి హామీ పథకానికి 2006 ఫిబ్రవరి 2న శ్రీకారం చుట్టింది మన బండ్లపల్లిలోనే. పనిచోట నీడ, తాగేనీరు ఉండాలని ఆనాటి చట్టంలోనే రాశారు. రాసినదంతా జరిగిందా అని బండ్లపల్లి పోయి అడగనక్కర్లేదు, మీ ఊళ్లోనే అడగండి.

మన ఇంటి సంగతి చూద్దాం. ఆటల పోటీలు ఎండ ముదిరాక మిట్టమధ్యాహ్నం పెట్టడం, ఎన్‌ఎస్‌ఎస్ మిత్రులను పదకొండు గంటలకు గుంతలు తవ్వమనడం ఏటా జరుగుతున్నదే. ప్రిన్సిపాలు గారికి యూనియన్ ఇచ్చే అర్జీలో ఈసారి ఇవి కూడా రాయాలి: ఆటలు ఉదయం తొమ్మిదిలోపు ముగియాలి, మైదానం చుట్టూ కానుగ, వేప మొక్కలు నాటాలి, అవసరమున్న విద్యార్థులకు డిస్పెన్సరీలో జింకు క్రీము ఉచితంగా ఇవ్వాలి. మొక్కలకు నీళ్లెవరు పోస్తారని ఆఫీసువారు తప్పక అడుగుతారు. హాస్టలు చేతులు కడిగే తొట్ల నీళ్లు ఇప్పుడు ఊరికే ముళ్లకంపల్లోకి పోతున్నాయి. మైదానం అక్కడికి వంద గజాలు కూడా లేదు.